మూడు మెట్లు కిందికి

అబద్ధం ఆడాలంటే నోరుండాలంటారు గానీ, అక్క ఆడిన అబద్ధానికి నోటితో పెద్దగా పనే పడలేదు. బొటనవేలు చాలింది. ఆమె కీబోర్డుకి ఎడంపక్క మూలన చిన్న మీట ఒకటుంది. దాన్ని ఒకసారి నొక్కితే వాయిద్యం మొత్తం ఒక మెట్టు కిందికి దిగుతుంది. వేళ్ళు అలవాటైన మెట్లనే వాయిస్తుంటాయి, శబ్దం మాత్రం కిందినుంచి వస్తుంది. ఎన్ని మెట్లు దిగిందో పక్కనున్న బుల్లి తెర మీద అంకె పడుతుంది. ఆ తెర మీద అక్క రంగు కాగితం ఒకటి అంటించి, "పగిలింది, చెయ్యి కోసుకుపోతుంది, ముట్టుకోకు" అని చెల్లెలికి చెప్పింది. సరే, ఆ ఒక్క మాటా నోటితోనే చెప్పిందనుకోండి.

చెల్లెల్ని చిన్నప్పట్నుంచీ అందరూ చంటీ అంటారు. నలభై దాటినా చంటీయే. ఆ వీధి చివర ప్రార్థన మందిరంలో పాతికేళ్ళుగా గాయకబృందంలో మొదటి గొంతు ఆమెది. బళ్ళో పిల్లలకి పాట నేర్పేది. అక్కకి గొంతు లేదు, చేతులున్నాయి. మందిరంలో గొట్టాల ఆర్గన్ వాయించేది ఆమే. అక్కాచెల్లెళ్ళ మధ్య ఒక పద్ధతి ఉండేది. పాట మొదలుపెట్టే ముందు చంటి, "స్వరం ఇవ్వక్కా" అనేది. అక్క ఒక్క మెట్టు నొక్కేది. చంటి ఆ స్వరం పట్టుకుని పైకి వెళ్ళిపోయేది. ఏ స్వరం, ఎంత ఎత్తు అని ఏనాడూ అడిగింది లేదు. అమ్మ పెట్టిన ముద్దలో ఉప్పెంతో ఎవరైనా కొలుస్తారా?

అలాంటిది చంటి మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాంతో పాటు గొంతులో పై సగమూ పోయింది. గడ్డని ఆనుకుని దారప్పోగంత నరం ఒకటుంటుందట, దానికి దెబ్బ తగిలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. మాట బానే ఉంది, కింది స్వరాలు బానే ఉన్నాయి. ఒక ఎత్తు దాటితే మాత్రం నోరు తెరిచినా గాలి తప్ప ఏమీ రాదు. "ప్రాణానికి ఢోకా లేదమ్మా" అన్నాడు డాక్టరు సంతోషంగా. ఆయన లెక్కలో ప్రాణం వేరు, గొంతు వేరు.

బడి ఉద్యోగం ఊడింది. చంటి వచ్చి అక్క ఇంట్లో ముందు గదిలో పడుకుంది. గోడవైపు తిరిగి పడుకోవడమే పని. పెట్టింది పెట్టినట్టే ఉండేది కంచంలో. ఒక మధ్యాహ్నం అక్క తడిబట్టల బకెట్ పట్టుకుని డాబా ఎక్కేసరికి, చంటి గోడ మీద కూర్చుని ఉంది, కాళ్ళు అవతలివైపుకి వేసి. అక్కకి అరుపు గొంతుదాకా వచ్చి ఆగింది. అరిస్తే ఉలిక్కిపడుతుంది. బకెట్ మెల్లిగా దింపి, వెళ్ళి పక్కన నిలబడి, చీర కొంగు పట్టుకుని, "కిందికి రావే, కాఫీ తాగుదాం" అంది. చంటి వీధిలోకే చూస్తూ, "ఇవాళ కూడా రాలేదక్కా" అంది. పై స్వరం గురించి. రోజూ గదిలో తలుపేసుకుని ప్రయత్నించేదని అక్కకి అప్పుడే తెలిసింది.

ఆ మర్నాడు అక్క బొటనవేలు ఆ మీట మీదికి వెళ్ళింది.

ఒక్కసారిగా కాదు. పాలవాడు నీళ్ళు కలిపినట్టు, తెలిసీ తెలియకుండా, వారానికి కాస్త. ఎప్పుడూ పాడే పాటే, ఎప్పటి వేళ్ళే. చంటి భయంభయంగా పైకి వెళ్ళింది, స్వరం పలికింది. అక్కవైపు తిరిగి, "వచ్చిందక్కా" అంది. నెలల తర్వాత నవ్వింది. ఆ పూట కంచం ఖాళీ చేసింది. ఇంక అక్క ఎలా వెనక్కి తగ్గుతుంది? ఒక మెట్టు రెండైంది, రెండు మూడైంది. మూడు దగ్గర చంటి తన పాతపాటలన్నీ పాడేసింది. "డాక్టరు ఆర్నెల్లలో తిరిగి రావచ్చన్నాడుగా, అదే వస్తోంది" అని బావకి చెప్పింది.

బావ, అంటే అక్క మొగుడు, లిఫ్టులు బాగుచేస్తాడు. అతనికి సంగతి తెలుసు. "లిఫ్టువాణ్ణి నేనా నువ్వా?" అన్నాడు పెళ్ళాంతో, వంటింట్లో గొంతు తగ్గించి. "లోపలున్నవాళ్ళకి కుదుపు తెలీకుండా దించడం గొప్ప పనే, నేనొప్పుకుంటా. కానీ తలుపు తెరుచుకుంటుంది కదే ఎప్పుడో ఒకప్పుడు. అప్పుడు తెలుస్తుంది ఏ అంతస్తులో ఉన్నారో."

తలుపు తెరుచుకునే రోజు రానే వచ్చింది. చంటి ఎవరికీ చెప్పకుండా తన పాట ఫోనులో రికార్డు చేసి గడియారం మాస్టారికి పంపింది. ఆయన మందిరం గాయకబృందానికి పెద్ద. బల్ల కనిపిస్తే బల్ల మీద, కిటికీ కనిపిస్తే కిటికీ మీద వేలితో తాళం కొడుతూ ఉంటాడని ఆ పేరు. పాట విని ఆయన మర్నాడే కబురు చేశాడు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనలో పెద్దపాట చంటీయే పాడాలని.

పెద్దపాట అంటే మూడొందల ఏళ్ళనాటి పాట. కొడుకుని పూడ్చిపెట్టిన తల్లి పాడేది. వాయిద్యాలు రెండే, ఆర్గన్ ఒకటి, ఓబో ఒకటి. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం లాంటిది, సన్నగా ముక్కుతో ఏడుస్తుంది. పాట నడక చాలా నిదానం. మధ్యలో ఆ తల్లి మట్టి మీద చెయ్యి వేసి, "లే నాయనా" అని పిలుస్తుంది. ఆ "లే" మీద పాటలోకెల్లా పై స్వరం ఉంటుంది. తాకి వచ్చెయ్యడానికి లేదు. తాళంలో నాలుగు దెబ్బల సేపు అక్కడ నిలబడాలి.

చంటి ఆ కబురు చెప్పి అక్కని కావిలించుకుంది. అక్క వీపు నిమురుతూనే ఉంది గానీ, మనసు మందిరానికి పోయింది. మందిరంలోది గొట్టాల ఆర్గన్. దానికి అలాంటి మీటేమీ లేదు. వంద గొట్టాలు ఎంత పొడవున కోశారో అంతే పలుకుతాయి. ఓబో వాయించే పళ్ళ డాక్టరు పుస్తకంలో ఉన్న శ్రుతిలోనే వాయిస్తాడు. చంటి పాడుతున్నది దానికి మూడు మెట్లు కింద. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే ఆ డాబా గోడ ఉంది. చెప్పకపోతే ఊరందరి ముందూ నోరు తెరిచి గాలి వదలాలి.

గురువారం పొద్దున్నే అక్క గడియారం మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. చెప్పుల దుకాణం మీద గదిలో ఆయన పిల్లలకి పాఠాలు చెబుతాడు. గదంతా తోలు వాసన. పిల్లలింకా రాలేదు. అక్క కూర్చోకుండానే, "మాస్టారూ, పెద్దపాట కొంచెం కింది శ్రుతిలో పెడదామండీ" అంది.

ఆయన వేలు బల్ల మీద ఆగింది. "కొంచెం అంటే?"

"మూడు మెట్లు."

"సి మైనర్లో రాసినదాన్ని ఎ మైనర్లోకి దించుతావా? ఎందుకూ?"

అక్క ఏవేవో చెప్పింది. ఆపరేషన్ అయిన గొంతు, జాగ్రత్త, నీరసం. ఆయన విని తల ఊపాడు, అవునని కాదు, కాదని.

"చూడమ్మా. ఈ పాటలు కట్టినవాళ్ళు ఒక్కో శ్రుతికి ఒక్కో గుణం ఉందనుకున్నారు. సి మైనర్లో ఆ తల్లికి దుఃఖం. ఎ మైనర్లోకి తెస్తే బెంగ అవుతుంది. బెంగపడేవాళ్ళకి ఇంకా ఆశ ఉంటుంది. ఈవిడకి లేదు."

"పోనీ రెండు."

"ఇదేమన్నా వంకాయల బేరమా?"

"ఆ రోజుల్లో అసలు శ్రుతే కిందుండేదని మీరే చెప్పారు కదండీ. ఊరికో శ్రుతి ఉండేదనీ, చాలాచోట్ల ఇప్పటికంటే ఒక మెట్టు తక్కువనీ."

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. మాట నిజమే. పైగా పళ్ళ డాక్టరు దగ్గర పాతకాలం పద్ధతిలో చేసిన చెక్క ఓబో ఒకటుంది, సరిగ్గా ఒక మెట్టు కింద పలికేది. దాన్ని బయటికి తియ్యనివ్వమని ఆయన ఏళ్ళ తరబడి బతిమాలుతున్నాడు. "సరే, ఒక మెట్టు ఇస్తాను. ఆర్గన్ మీద నువ్వు చేత్తోనే దించుకు వాయించాలి మరి. అంతకు మించి ఓబోకి కుదరదు."

ఒకటి దొరికింది, రెండు మిగిలాయి. అక్క రెండో బేరానికి దిగింది. "పోనీ నడక కాస్త పెంచుదామండీ. ఆ 'లే' దగ్గర నాలుగు దెబ్బలు ఆగకుండా చప్పున దాటిస్తే..."

"కొడుకు సమాధి దగ్గర్నుంచి ఎవరమ్మా పరిగెత్తేది?" అన్నాడు ఆయన. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "ఆ నిదానం అందం కోసం పెట్టింది కాదు. పారిపోవడానికి వీల్లేకుండా పెట్టింది. అసలేమైంది? పొద్దున్నే వచ్చి శ్రుతీ, తాళమూ రెండూ కోసెయ్యమంటున్నావు."

అక్క అప్పుడు కూర్చుంది. చెప్పేసింది. మీటా, రంగు కాగితమూ, డాబా గోడా, అన్నీ. చెబుతున్నంతసేపూ చీర అంచు మెలిపెడుతూనే ఉంది.

"రికార్డు కింది శ్రుతిలో ఉందని నాకు వినగానే తెలిసింది" అన్నాడు మాస్టారు. "సాధనలో గొంతు దాచుకుంటోందనుకున్నాను. అందరూ చేసేదే. ఆ పిల్లకే తెలియదని నాకెలా తెలుస్తుంది?" లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఇవాళే చెప్పు. తెలిసి వస్తే ఆ ఒక్క స్వరం దగ్గర ఏం చెయ్యాలో అందరం కలిసి చూసుకుందాం. దానికి వెయ్యి మార్గాలున్నాయి. తెలియకుండా వస్తే ఒక్క మార్గం కూడా లేదు."

చెప్పాలనే ఇంటికి వచ్చింది అక్క. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. తలుపు తీసేసరికి చంటి తన నల్ల చీర ఇస్త్రీ చేసుకుంటోంది. "అక్కా, జాకెట్టు బిగుతైంది, చూశావా? తిని తిని ఒళ్ళొచ్చింది" అని నవ్వింది. అక్క నోరు తెరిచింది. "కుట్లు విప్పిస్తా, ఇలా ఇవ్వు" అంది. కూర్చుకున్న మాటలన్నీ ఆ జాకెట్టు కుట్లతో పాటు ఊడిపోయాయి.

ఆ మధ్యాహ్నం చంటి పడుకున్నాక అక్క కీబోర్డు మీద మీట సున్నాకి తెచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక మెట్టు కిందికి చేత్తో వాయించడం సాధన చేసింది. అప్పుడు తెలిసొచ్చింది ఇంకో సంగతి. ఇన్నాళ్ళూ పాట కింద పలికింది గానీ, వేళ్ళు కదిలింది పాత చోటే. అవి ఒక్క మెట్టు కూడా దిగలేదు. దిగమంటే మొరాయించాయి. పాటలో రెండు వరసలు వాయించేసరికి తిరిగి సి మైనర్లోకి జారిపోయేవి. మీట నమ్ముకుని చేతులు కూడా మోసపోయాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనని తానే తిట్టుకుంటూ సాయంత్రందాకా వాయించింది. పాట చేతికొచ్చింది. మాట నోటికి రాలేదు.

శుక్రవారం పొద్దున మందిరంలో ఒకే ఒక్క రిహార్సల్. మాస్టారు మేడ మెట్లెక్కి ఆర్గన్ దగ్గరికి వచ్చి, "చెప్పావా?" అని అడిగాడు.

అక్క అవునన్నట్టు తల ఊపింది.

ఎందుకు ఊపిందంటే ఏం చెప్పను? మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా దుంగలాగే కనిపిస్తుంది. ఒక మెట్టు ఎలాగూ తగ్గింది, మిగిలింది రెండే, ఇన్నాళ్ళు సాధన చేసిన గొంతు, ఏమో, దేవుడి ఇల్లు కదా, ఈ ఒక్కపూటకి పలికితే ఎవరి సొమ్మేం పోయింది? అలా అనుకుంది. అనుకోవడం కూడా కాదు, ప్రాధేయపడింది.

చంటి కింద నిలబడి పైకి చూసి, "స్వరం ఇవ్వక్కా" అంది. అక్క ఇచ్చింది. పళ్ళ డాక్టరు తన చెక్క ఓబో ఎత్తాడు, కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోతూ. మాస్టారి చెయ్యి కిందికి వచ్చింది. పాట మొదలైంది.

మొదటి భాగం ఎంత బాగా వచ్చిందంటే, అక్కకి కళ్ళు మసకబారి మెట్లు కనపడలేదు. చంటి గొంతులో ఆపరేషన్ తర్వాత ఒక జీర వచ్చింది, అది ఆ తల్లికి అతికినట్టు సరిపోయింది. తర్వాత పాట పైకి ఎక్కడం మొదలుపెట్టింది. చంటి నుదురు ముడిపడింది. "లే" అనే చోటుకి వచ్చింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది.

మాస్టారు ఆపి, మళ్ళీ అక్కడినుంచి మొదలుపెట్టించాడు. మళ్ళీ గాలే. మూడోసారి అదీ సరిగా రాలేదు.

చంటి గొంతు పట్టుకుని నిలబడిపోయింది. మాస్టారు మంచి మనిషి. ఆమె దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అన్నాడు. "పరవాలేదమ్మా. ఇది అనుకున్నదేగా. ఇంట్లో అక్క మూడు మెట్లు దించి పాడించింది, ఇక్కడ ఓబో వల్ల ఒక్కటే దించగలిగాం. ఆ రెండు మెట్ల తేడా ఉంది కదా. ఏం చెయ్యాలో ఆలోచిద్దాం."

పళ్ళ డాక్టరు ఓబోలోంచి ఉమ్మి తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. చంటి ఒక్కో మెట్టూ ఎక్కి మేడ మీదికి వచ్చింది. అక్క పక్కన, ఆ బల్ల మీదే కూర్చుంది. చిన్నప్పుడు సాధనకి అలాగే కూర్చునేది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు నవ్విన రోజు నుంచి" అంది అక్క.

"ఆ తెర పగల్లేదన్నమాట."

"లేదు."

చంటి ఏడవలేదు. ఏడిస్తే అక్కకి బతికినట్టుండేది. ఆర్గన్ మెట్లవైపు చూస్తూ, "నా పాటంతా వట్టిదేనన్నమాట, ఇన్నాళ్ళూ" అంది.

"ఆ గోడ మీంచి నిన్ను దింపడానికి నాకింకేం తోచలేదే చంటీ. నువ్వు తినడం లేదు. మాట్లాడ్డం లేదు. నేనేం చెయ్యను?"

"గొంతు పోతే పోయింది. అయినా చెవి ఉందనుకున్నా. రేపు పిల్లలకి నేర్పుకోవచ్చు, ఎవరిదైనా పాట విని తప్పు చెప్పొచ్చు అనుకున్నా. మూడు మెట్లు దించితే కూడా తెలుసుకోలేని చెవి ఎందుకక్కా?" లేచి నిలబడింది. "గొంతు డాక్టరు కోశాడు. తెలీక కోశాడు పాపం. చెవి నువ్వు కోశావు."

అక్క లేచేసరికి చంటి మెట్లు దిగిపోయింది. అక్క వీధిలోకి వచ్చేసరికి వీధి ఖాళీ.

అక్కడినుంచి అక్క ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. చెప్పులు మందిరంలోనే ఉండిపోయాయి. ఇల్లు చూసింది, ముందు గది చూసింది, ఇస్త్రీ పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది. డాబా మెట్లు కాళ్ళతో, చేతులతో కూడా ఎక్కింది. డాబా మీద ఆరేసిన దుప్పట్లు. ఒక్కో దుప్పటీ తొలగించి చూసింది. గోడ దగ్గరికి వెళ్ళి, కింద వీధిలోకి చూడటానికి ధైర్యం చాలక, కళ్ళు మూసుకుని తల వంచి, అప్పుడు తెరిచింది. కింద ఎవరో స్కూటర్ తుడుచుకుంటున్నారు. అక్క ఆ గోడ పట్టుకుని అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చింది. చచ్చిపోతే బావుణ్ణనుకుంది, తను.

బావ పని వదిలేసి వచ్చాడు. బడి, ఆస్పత్రి, బస్టాండు అన్నీ తిరిగాడు. ప్రార్థన వేళ అయింది. "నువ్వు మందిరానికి వెళ్ళు" అన్నాడు. "దానికి తెలిసిన చోటు అదొక్కటే. వస్తే అక్కడికే రావాలి. నేను వెతుకుతూనే ఉంటా." ఒక్క మాట కూడా దెప్పలేదు, అదే అక్కకి ఇంకా నరకంగా ఉంది.

మందిరం నిండింది. అక్క ఆర్గన్ ముందు కూర్చుంది, అరికాళ్ళకి దుమ్ముతో. పెద్దపాట వంతు వచ్చింది. మాస్టారు పైకి చూసి, గొంతు లేకుండా వాయిద్యాలతోనే కానిద్దామని సైగ చేశాడు. అక్క చేతులు మెట్ల మీద పెట్టింది.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. చంటి వచ్చింది, పొద్దుటి నల్ల చీరలోనే. తర్వాత తెలిసింది, ఆమె అప్పటిదాకా పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుందని. రిహార్సల్ ముగిశాక ఆయన క్లినిక్‌కి వెళితే వరండాలో ఉందట. శ్రుతిదండం ఉందా అని అడిగిందట. రెండు కొమ్ముల ఇనుప ముక్క, కొడితే ఒకే ఒక్క స్వరం పలుకుతుంది, దానికి అబద్ధం చేతకాదు. దవడలు పట్టుకుని మూలుగుతున్న జనం మధ్య కూర్చుని, దాన్ని మోకాలికి కొట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, అక్కడినుంచి ఒక్కో స్వరమే పైకి ఎక్కుతూ తన గొంతు ఎక్కడిదాకా ఉందో చూసుకుందట. ఉన్నదెంతో తేలాక లేచిందట.

ఆమె వచ్చి తన చోట నిలబడింది. అక్క వేలు మొదటి మెట్టు మీదికి వెళ్ళింది, అడగ్గానే ఇవ్వడానికి.

చంటి పైకి చూడలేదు. పళ్ళ డాక్టరువైపు తిరిగి, అందరికీ వినిపించేలా అంది.

"స్వరం మీరివ్వండి."

ఆయన ఒకసారి మేడవైపు చూశాడు. తర్వాత తల దించుకుని ఓబో ఊదాడు. అక్క వేలు ఆ మెట్టు మీద అలాగే ఉండిపోయింది.

మాస్టారి చెయ్యి కిందికి వచ్చింది. పొద్దుటికంటే నిదానంగా పట్టుకున్నాడు. చంటి పాడింది. ఈసారి గొంతులో సంతోషం లేదు, జాగ్రత్త లేదు. చీకట్లో తనకి తెలిసిన ఇంట్లో నడిచే మనిషిలా ఒక్కో స్వరాన్నీ తడిమి చూసుకుంటూ వెళ్ళింది. పాట పైకెక్కడం మొదలుపెట్టింది. పారిపోతే బావుణ్ణు, నాలుగు దెబ్బలూ వదిలేసి చప్పున అవతలికి దూకేస్తే బావుణ్ణు అనుకుంది అక్క. మాస్టారి చెయ్యి ఆ కాస్త దయ కూడా చూపలేదు.

"లే" అనే చోటుకి వచ్చింది. చంటి తప్పించుకోలేదు. కింది స్వరం ఎంచుకోవచ్చు, ఊరుకోవచ్చు, దగ్గు నటించవచ్చు. నోరు పూర్తిగా తెరిచి, ఉన్న ఊపిరంతా పెట్టి, రాదని తెలిసిన స్వరం కోసం పైకి వెళ్ళింది. గాలి వచ్చింది. వట్టి గాలి, మందిరం చివరిదాకా వినిపించే గాలి. నాలుగు దెబ్బలూ ఆమె ఆ గాలితోనే నిలబడింది. ముందు వరసలో ఎవరో ముసలాయన బిత్తరపోయి పక్కవాళ్ళ మొహం చూశాడు. ఎవరో పాప మీద చెయ్యి వేశారు. అక్క ఆర్గన్ మీద తీగలా సాగే కింది స్వరాలు పట్టుకుని, ఆ నాలుగు దెబ్బలూ కదలకుండా కూర్చుంది. జీవితంలో అంత పొడుగు తాళం ఆమె వాయించలేదు.

తర్వాత పాట దిగింది. చంటి గొంతు మళ్ళీ దొరికింది, దొరికిన చోటినుంచి చివరిదాకా పాడింది.

ప్రార్థన అయ్యాక మాస్టారు వచ్చి చంటి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలేశాడు. బావ ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్ళాడు. దారిలో బావ ఒక్కసారి, "చెప్పులేవే?" అన్నాడు అక్కని చూసి.

ఇంటికి రాగానే చంటి తిన్నగా కీబోర్డు దగ్గరికి వెళ్ళింది. రంగు కాగితం గోటితో పీకింది. బాగానే అంటించింది అక్క, ముక్కలు ముక్కలుగా వచ్చింది. కరెంటు పెట్టింది. తెర మీద అంకె చూసుకుంది. నిన్న సాధన అయ్యాక అక్క అలవాటుగా మళ్ళీ మూడుకే దించి పెట్టింది. చంటి మీట నొక్కి సున్నాకి తెచ్చింది. కొంగు ముడిలోంచి శ్రుతిదండం తీసి బల్ల అంచుకి కొట్టింది, విన్నది, మెట్టు నొక్కింది. కలిసింది. నమ్మకం కుదరలేదు కాబోలు, మళ్ళీ కొట్టింది.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళనూ లేదు, బయటికి రానూ లేదు.

"ఆకలేస్తోంది" అంది చంటి, అటు తిరిగే. "ఏదైనా పెట్టు."

అక్క గబగబా లోపలికి వెళ్ళింది. చేతిలోంచి గరిటె రెండుసార్లు జారింది. వడ్డిస్తున్నంతసేపూ ముందు గదిలోంచి వినిపిస్తూనే ఉంది. దండం ఒకసారి, మెట్టు ఒకసారి. మళ్ళీ దండం, మళ్ళీ మెట్టు. కంచం పట్టుకుని వెళ్ళి పక్కన పెట్టింది. చంటి ఎడంచేత్తో దండం చెవి దగ్గర పట్టుకునే, కుడిచేత్తో ముద్ద కలుపుకుంది.